నాయన ఖాతాలో 4 కోట్లు పడ్డాయి, ప్రైవేట్ బ్యాంకింగ్ అంటున్నారు. సంతకం పెట్టొచ్చా?

అవిలాల అబ్బాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. వచ్చే మంగళవారం సంతకాలకు వస్తామన్నారు, ఆలోపు మాకొక దారి తెలియాలి.

మాది తిరుపతి పక్కన అవిలాల. జేజినాయన కాలం నుంచి ఉన్న భూమి, ఊరు పెరుగుతూ పెరుగుతూ మా గట్టు దాకా వచ్చేసింది, రెండు నెలల కింద అమ్మేశాం. పన్నుకు పక్కన పెట్టాల్సింది పెట్టి, చెల్లెలి వాటా చెల్లెలికి ఇచ్చాక నాయన ఖాతాలో 4 కోట్లు మిగిలాయి. ఆయనకు 67 ఏళ్లు. ఇన్నేళ్లలో ఆయనకు తెలిసిన పొదుపంటే పోస్టాఫీసు, ఫిక్స్‌డ్ డిపాజిట్, అమ్మ మెడలో బంగారం, అంతే.

డబ్బు పడిన మూడో రోజే బ్రాంచి మేనేజరు ఫోన్ చేసి, సార్ మీరు ఇక మామూలు కస్టమర్ కాదు, ప్రైవేట్ బ్యాంకింగ్‌లోకి మారుస్తున్నాం అన్నాడు. ఆ వారంలోనే చెన్నై నుంచి ఒక రిలేషన్‌షిప్ మేనేజరు వచ్చాడు. మర్యాదగల పిల్లోడు, ఆ మాట చెప్పాలి. అమ్మకు కంటి ఆపరేషన్ ఉందని తెలిసి చెన్నైలో డాక్టరు అపాయింట్‌మెంటు ఇప్పించాడు. వాళ్ల ముంబై పెద్దసారు కుటుంబంతో కొండకు వచ్చినప్పుడు మా ఇంటికి తీసుకొచ్చాడు, అమ్మ అందరికీ వండి పెట్టింది. ఇప్పుడు నేను ఏం అడిగినా నాయన ఒకటే మాట, మనింట్లో అన్నం తిన్న మనుషులు మనకు అన్యాయం ఎందుకు చేస్తారు అని.

వాళ్లు ఇచ్చిన ప్లాన్ ఇది. నా పేరు మీద ఏడాదికి 20 లక్షల ప్రీమియంతో 5 ఏళ్లు కట్టే ఇన్సూరెన్స్, అంటే మొత్తం 1 కోటి. పీఎంఎస్, అంటే మన డబ్బుతో షేర్లు కొని వాళ్లే నడిపేది, 1 కోటి. ఏఐఎఫ్, అంటే పెద్ద మొత్తాలు పెట్టేవాళ్ల కోసం ఉండే ఫండు, 1 కోటి. మ్యూచువల్ ఫండ్లు 75 లక్షలు. మిగతా 25 లక్షలు సేవింగ్స్‌లోనే. ఫీజు ఒక్క రూపాయి కూడా లేదంటున్నాడు. ఫీజు లేకుండా చెన్నై నుంచి కారేసుకుని నెలకు రెండుసార్లు ఎందుకొస్తాడు? ఇదొక్కటే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. అసలు ఈ ప్రైవేట్ బ్యాంకింగ్ లోపల ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి.

చంద్రగిరి నుంచి చెన్నై

తమ్ముడూ, నేను పదకొండేళ్లు సరిగ్గా ఆ పిల్లోడి సీట్లోనే కూర్చున్నాను. రెండు బ్యాంకుల్లో వెల్త్ డెస్క్‌లో చేసి బయటికొచ్చేశాను. నీకు నిద్ర పట్టనివ్వని ఆ ప్రశ్నే సరైన ప్రశ్న.

ముందు అసలు విషయం. ప్రైవేట్ బ్యాంకింగ్ అంటే వేరే బ్యాంకు కాదు, అదే బ్యాంకులో పై మెట్టు. మామూలు సేవింగ్స్, దాని మీద ప్రయారిటీ, దాని మీద వెల్త్, ఆ పైన ప్రైవేట్. పేర్లు, ఎంత డబ్బుంటే ఏ మెట్టు అన్నది బ్యాంకును బట్టి మారుతుంది. కింది మెట్టులో ఒక మేనేజరు చేతిలో వందల ఖాతాలు ఉంటాయి, పై మెట్టులో కొన్ని కుటుంబాలే ఉంటాయి, అందుకే మీ అమ్మగారి కంటి ఆపరేషన్ కూడా గుర్తుంటుంది. అతని వెనక ఇన్వెస్ట్‌మెంట్ చూసే మనిషి ఒకరు, కాగితాలు చూసే మనిషి ఒకరు, ఏ నెల ఏ ప్రోడక్ట్ ముందుకు తోయాలో చెప్పే డెస్క్ ఒకటి ఉంటాయి. మీ ఇంటికొచ్చేది ఒక్కడే, కానీ అతనికి ప్రతి సోమవారం ఉదయం ఒక మీటింగ్ ఉంటుంది, ఆ మీటింగ్‌లో అడిగేది మీ నాయన ఆరోగ్యం గురించి కాదు, ఈ వారం ఎంత రెవెన్యూ తెస్తున్నావని. అతని జీతానికి కొన్ని రెట్లు బ్యాంకుకు సంపాదించి పెట్టాలి, అది టార్గెట్. ఆ టెన్షన్ నేను పడ్డాను కాబట్టి చెబుతున్నా, ఆ పిల్లోడు చెడ్డవాడు కానక్కర్లేదు, మంచివాడే అయినా అదే అమ్మాలి.

మరి ఫీజు లేకుండా రెవెన్యూ ఎక్కడిది? మ్యూచువల్ ఫండ్లలో రెండు రకాలున్నాయి, మధ్యవర్తి ద్వారా కొనే రెగ్యులర్, ఫండ్ కంపెనీ దగ్గర నేరుగా కొనే డైరెక్ట్. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి 1 నుంచి వచ్చాయి. బ్యాంకు ద్వారా కొంటే రెగ్యులర్, అందులో మీరు ఉన్నన్నాళ్లూ ప్రతి ఏడాదీ ఫండ్ కంపెనీ బ్యాంకుకు ట్రెయిల్ కమీషన్ ఇస్తుంది. అది మీ ఖాతాలోంచి కోసినట్టు కనబడదు, రాబడి తగ్గి వస్తుంది, అంతే. తేడా ఏడాదికి 1 శాతం అనుకో. 1 కోటి పెట్టి పదేళ్లు వదిలేస్తే 10 శాతం చొప్పున దాదాపు 2 కోట్ల 59 లక్షలు అవుతుంది, 9 శాతం చొప్పున అయితే 2 కోట్ల 37 లక్షలు. మధ్యలో ఉన్న 22 లక్షలే ఆ లేని ఫీజు. పీఎంఎస్, ఏఐఎఫ్‌లలో కూడా వాళ్లు తీసుకునే ఫీజులో బ్యాంకుకు వాటా ఉంటుంది. ఇన్సూరెన్స్‌లో అయితే మొదటి ఏడాది ప్రీమియం మీదే పెద్ద కమీషన్, అందుకే ప్లాన్‌లో అది మొదటి వరుసలో ఉంది. ఆ 25 లక్షలు సేవింగ్స్‌లో ఎందుకు వదిలారో కూడా ఆలోచించు, తక్కువ వడ్డీకి దొరికే డబ్బు బ్యాంకుకు అన్నింటికంటే తీపి.

ఇంకో మాట. పాత కాలంలో ఈ వృత్తి ఇలా ఉండేది కాదు. స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో లొంబార్డ్ ఓడియర్ అనే ప్రైవేట్ బ్యాంకు 1796లో, పిక్టెట్ అనే ఇంకొకటి 1805లో మొదలయ్యాయి. 2014 దాకా అక్కడ భాగస్తులకు అపరిమిత బాధ్యత ఉండేది, అంటే బ్యాంకు మునిగితే వాళ్ల సొంత ఇల్లూ వాకిలీ కూడా పోతాయి. అలాంటి మనిషి నా డబ్బు చూస్తున్నాడంటే అది వేరే నమ్మకం. మన దగ్గరికొచ్చే మేనేజరు రెండు మూడేళ్లలో ఇంకో బ్యాంకుకు వెళ్తాడు. నేనూ వెళ్లాను, నేను అమ్మిన పాలసీల మీద ఫోన్లు నా తర్వాత వచ్చిన అమ్మాయికి పోయాయి. ఆ విషయం తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

మంగళవారం కాగితాల్లో ఒక్కటి తప్పకుండా చూడు, రిస్క్ ప్రొఫైల్ అని ఒక ఫారం ఉంటుంది. పది పన్నెండు ప్రశ్నలు, వాటికి జవాబులు మీ నాయనే టిక్ పెట్టాలి. చాలాసార్లు అది ముందే నింపి తెస్తారు, కింద అగ్రెసివ్ అని ఉంటుంది. 67 ఏళ్ల మనిషి నష్టం వచ్చినా పర్లేదు, పదేళ్లు ఆగుతానని సంతకం పెట్టినట్టు అవుతుంది. రేపు ఎక్కడికి ఫిర్యాదుకు వెళ్లినా వాళ్లు ముందు చూపించేది ఆ కాగితమే.

తోతాపురి మండీ

చిత్తూరు నుంచి రాస్తున్నా. మాది మామిడి పల్ప్ యూనిట్. పై అన్న చెప్పింది నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను.

2018లో సీజన్ బాగా పోయింది, ఎగుమతి డబ్బు ఒకేసారి వచ్చింది. బ్యాంకు మనిషి, పేరు వద్దులే, ఇంటికొచ్చి అన్నా ఇది ఎఫ్‌డీ లాంటిదే, ఐదేళ్లు, వడ్డీ ఎక్కువ, పన్ను లేదు అన్నాడు. నేను ఫ్యాక్టరీ హడావుడిలో పసుపు రంగు స్టిక్కర్లు అంటించిన చోటల్లా సంతకం పెట్టాను. రెండో ఏడాది మళ్లీ 15 లక్షలు కట్టాలని మెసేజ్ వస్తే అప్పుడు పాలసీ తీసి చదివాను, అది పన్నెండేళ్లు ప్రీమియం కట్టే పాలసీ. అప్పట్లో వెనక్కిచ్చే గడువు 15 రోజులే, అది ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడది 30 రోజులు చేశారు, గుర్తుపెట్టుకోండి. చివరికి సరెండర్ చేస్తే కట్టినదాంట్లో సగం కూడా రాలేదు.

డబ్బు పోయినదానికంటే నాకు ఎక్కువ నొప్పి ఏందంటే, జూన్ వచ్చేసరికి చేతిలో రొక్కం లేదు. తోతాపురి కాయ ఆగదు, గేటు ముందు ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉంటాయి, రైతుకు డబ్బులివ్వాలి. నేను సంపాదించిన డబ్బు పాలసీలో ఇరుక్కుని, నేనే వడ్డీకి తెచ్చి రైతులకు ఇచ్చాను. అందుకే తమ్ముడూ, ఏ కాగితం మీద సంతకం పెట్టినా ముందు ఈ డబ్బు నాకు రేపు కావాలంటే ఎంత వస్తుంది, ఎన్ని రోజుల్లో వస్తుంది అని అడుగు. ఏఐఎఫ్ అంటున్నారు కదా, అందులో చాలావాటికి మూడేళ్లకు తక్కువ గడువే ఉండదు, ఏడెనిమిదేళ్లవి కూడా ఉంటాయి, మధ్యలో ఇమ్మంటే ఇవ్వరు.

బాలాజీ కాలనీ

అందరూ ఒకవైపే చెబుతున్నారు కాబట్టి నేను ఇంకోవైపు కూడా రాస్తాను. మా కుటుంబం తొమ్మిదేళ్లుగా ఒక బ్యాంకు ప్రైవేట్ డెస్క్‌లో ఉంది, మాకు మేలే జరిగింది.

మా అన్న హఠాత్తుగా పోయినప్పుడు ఆయన పేరు మీద డీమ్యాట్, లాకర్, మూడు లోన్లు, రెండు కంపెనీల్లో షేర్లు ఉన్నాయి. వదినకు ఏ కాగితం ఎక్కడుందో తెలియదు. వాళ్ల సర్వీస్ మనిషి నాలుగు నెలలు ఇంటికి తిరిగి అన్నీ వదిన పేరుకు మార్పించింది. పిల్లవాడు పై చదువులకు వెళ్తే ఫారెక్స్ పంపడం, ఏడాదికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి లెక్క, పైన ముందే పట్టుకునే పన్ను టీసీఎస్, అన్నీ వాళ్లే చూశారు. వ్యాపారంలో అర్జెంటుగా డబ్బు కావాల్సి వస్తే ఫండ్లు అమ్మకుండా వాటి మీదే ఓవర్‌డ్రాఫ్ట్ రెండు రోజుల్లో ఇచ్చారు. స్విట్జర్లాండ్‌లో దీన్నే లొంబార్డ్ లోన్ అంటారట, నిజంగా డబ్బున్నవాళ్లు ప్రైవేట్ బ్యాంకును ఎక్కువగా వాడుకునేది దీనికే, ఆస్తి అమ్మరు, దాని మీద అప్పు తెచ్చుకుని పని జరుపుకుంటారు.

కాబట్టి సర్వీసు వాడుకోండి, సరుకు మాత్రం చూసి కొనండి. మా నాన్నగారి పద్ధతి ఏమిటంటే, మేనేజరు ఏది తెచ్చినా కాఫీ ఇచ్చి, కాగితాలు పెట్టి వెళ్లు బాబూ, అమావాస్య వెళ్లాక చూస్తాను అంటారు. ఆ వారం పది రోజుల్లో సగం ప్రోడక్టుల మీద వాళ్లే మాట్లాడటం మానేస్తారు.

సింగపూర్ నుంచి పుత్తూరోడు

ఇక్కడ ఫీజు దాచరు. డబ్బును బ్యాంకే నడిపితే డిస్క్రెషనరీ, సలహా ఇచ్చి నిర్ణయం మనకు వదిలేస్తే అడ్వైజరీ, దేనికి ఎంత శాతమో, దాచిపెట్టడానికి కస్టడీ ఫీజు ఎంతో ఒప్పందంలోనే ఉంటుంది. అయినా మోసపోయే దారులు ఇక్కడా ఉన్నాయి. 2023 మార్చిలో క్రెడిట్ సూయిస్ అనే స్విస్ బ్యాంకును యూబీఎస్ అనే ఇంకో స్విస్ బ్యాంకుకు కలిపినప్పుడు దాదాపు 16 బిలియన్ స్విస్ ఫ్రాంకుల ఏటీ1 బాండ్లు, అంటే బ్యాంకు కష్టాల్లో పడితే రద్దయిపోయే బాండ్లు, ఒక్క రాత్రిలో సున్నా అయ్యాయి, అవి కొన్నవాళ్లలో ప్రైవేట్ బ్యాంకు కస్టమర్లు చాలామంది.

ఈ ఏటీ1 మాట ఎందుకంటే ఇది మనకూ జరిగింది. 2020 మార్చిలో యెస్ బ్యాంకు 8,415 కోట్ల ఏటీ1 బాండ్లను రద్దు చేసింది. అవి సూపర్ ఎఫ్‌డీ అని చెప్పి మామూలు జనానికి, పెద్దవాళ్లకు అంటగట్టారని తేల్చి, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ 2021 ఏప్రిల్‌లో 25 కోట్ల జరిమానా వేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అందుకని ఎఫ్‌డీ లాంటిదే అన్న మాట వినబడితే అక్కడే ఆగిపోవాలి. ఎఫ్‌డీ అయితే ఎఫ్‌డీ అనే అంటారు కదా.

ఇంకొకటి. 2010 చివర్లో గుర్‌గావ్‌లో ఒక పెద్ద విదేశీ బ్యాంకు శాఖలో రిలేషన్‌షిప్ మేనేజరు సెబీ పేరుతో నకిలీ ఉత్తరం చూపించి వందల కోట్లు దారి మళ్లించాడు. మోసపోయినవాళ్లు చదువుకున్నవాళ్లే. కాబట్టి మేనేజరు పంపే ఎక్సెల్ షీట్ నమ్మొద్దు, షేర్లు, ఫండ్ల లెక్క భద్రపరిచే ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ సంస్థల నుంచి నేరుగా నాయన మెయిల్‌కు వచ్చే స్టేట్‌మెంటే లెక్క. ఫండ్లకైతే ఆర్నెల్లకోసారి వచ్చే స్టేట్‌మెంట్‌లో పంపిణీదారుకు ఎంత కమీషన్ వెళ్లిందో రూపాయల్లో ఉంటుంది. ఖాళీ చెక్కు, సంతకం పెట్టిన ఖాళీ ఫారం ఎవ్వరికీ ఇవ్వకండి, ఎంత మంచివాళ్లయినా సరే.

ఎయిర్ బైపాస్ ఆడిటర్

నేను తిరుపతిలోనే ప్రాక్టీసు చేస్తాను. ఈ ప్లాన్‌లో ఉన్నవాటికంటే లేనివి నన్ను ఎక్కువ కలవరపెడుతున్నాయి.

భూమి అమ్మిన ఆర్నెల్లలోపు 50 లక్షల దాకా క్యాపిటల్ గెయిన్స్ బాండ్లలో పెడితే ఆ మేరకు పన్ను పడదు. ఐదేళ్లు తీయకూడదు, వడ్డీ తక్కువే, కానీ పన్నెండున్నర శాతం లెక్కన 6 లక్షల పైచిలుకు పన్ను ఆదా అవుతుంది. రెండు నెలలు అయిపోయాయి అన్నారు, ఇంకా నాలుగు నెలలుంది, మీ ఆడిటర్‌ను ఈ వారమే కలవండి. ఇది మీకు బ్యాంకు మనిషి చెప్పలేదంటే నాకు ఆశ్చర్యం లేదు, అందులో వాళ్లకు మిగిలేది చాలా తక్కువ. అలాగే జేజినాయన కాలం భూమి కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, రిజిస్ట్రేషన్ విలువకు మించకుండా. 2024 జూలై 23కు ముందు నుంచి ఉన్న భూమికి ఇండెక్సేషన్, అంటే ధరల పెరుగుదలకు తగ్గట్టు పాత విలువను పెంచి లెక్కించడం, అది లేకుండా పన్నెండున్నర శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, రెండూ వేసి చూసి తక్కువది కట్టొచ్చు. ఇక సాగు భూమే కదా పన్ను లేదని ఎవరైనా చెబితే వినకండి. తిరుపతి జనాభా ప్రకారం నగర పరిధి నుంచి 6 కిలోమీటర్ల లోపు ఉన్నది పన్ను పడే భూమే, అవిలాల అందులోకే వస్తుంది.

ఇన్సూరెన్స్ సంగతి. 2023 ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న పాలసీల్లో ఏడాది ప్రీమియం మొత్తం 5 లక్షలు దాటితే గడువు తీరాక వచ్చే లాభం మీద పన్ను పడుతుంది, ప్రీమియంలో కొంత మార్కెట్‌లో పెట్టే యూలిప్ పాలసీ అయితే ఆ గీత రెండున్నర లక్షలే. 20 లక్షల ప్రీమియం చూపించి పన్ను లేదని అంటే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.

డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షలే, ప్రైవేట్ బ్యాంకింగ్ కస్టమరైనా అంతే. అందుకని డబ్బంతా ఒకే చోట ఉంచొద్దు. సీనియర్ సిటిజన్ స్కీములో నాయన 30 లక్షలు, అమ్మగారికి 60 దాటితే ఆమె పేరున ఇంకో 30 లక్షలు పెట్టొచ్చు. రిజర్వు బ్యాంకు ఫ్లోటింగ్ రేట్ బాండ్లకు పరిమితే లేదు. రిజర్వు బ్యాంకు వాళ్లదే రిటైల్ డైరెక్ట్ అనే వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే ప్రభుత్వ బాండ్లు, ట్రెజరీ బిల్లులు మధ్యలో ఎవరూ లేకుండా కొనుక్కోవచ్చు. ఇవేవీ ఎవరూ ఇంటికొచ్చి అమ్మరు.

చివరగా, వీలునామా. నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు అప్పజెప్పే మనిషి, అంతేగానీ యజమాని కాదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, పెట్టుకోండి, దాంతోపాటు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వీలునామా రిజిస్టర్ చేయించండి. చెల్లెలున్న ఇంట్లో ఇది ఎంత ముఖ్యమో, అన్నాచెల్లెళ్లు మాట్లాడుకోవడం మానేశాక నా దగ్గరికొచ్చే కుటుంబాలను చూస్తే తెలుస్తుంది.

అవిలాల అబ్బాయి

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి ఇవన్నీ నాయనకు చదివి వినిపించాను. మండీ అన్న రాసింది వినేటప్పుడు మాత్రం కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

పొద్దున మేనేజరుకు వాట్సాప్‌లో అడిగాను, ప్రతిదానిలో మీ బ్యాంకుకు ఏడాదికి ఎంత వస్తుంది, డబ్బు వెనక్కి కావాలంటే ఎన్నాళ్లు, ఎంత కోత అని. ఫండ్ల కమీషన్ పది నిమిషాల్లో పంపాడు. పీఎంఎస్‌ది సాయంత్రం పంపాడు. ఇన్సూరెన్స్ గురించి, ఫోన్లో మాట్లాడదాం అన్నాడు. రాసి పంపమన్నాను, ఇంకా రాలేదు.

నాయనకు కష్టంగానే ఉంది, మొహమాటం ఆయనది, ఇంటికొచ్చిన మనిషికి కాదని చెప్పడం తెలియదు. అమ్మే చెప్పింది, వాళ్లు ఎప్పుడొచ్చినా మళ్లీ అన్నం పెడదాం, సంతకం మాత్రం ఆర్నెల్ల తర్వాత చూద్దామని. మంగళవారం రావద్దని నేనే ఫోన్ చేశాను.

ఒక్కటే మిగిలింది. ఫీజు తీసుకుని, ఏమీ అమ్మకుండా సలహా మాత్రమే ఇచ్చేవాళ్లు నిజంగా ఉన్నారా? ఎలా గుర్తుపట్టాలి?

చంద్రగిరి నుంచి చెన్నై

ఉన్నారు. సెబీ వెబ్‌సైట్‌లో ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల జాబితా చూడు, వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌ఏ అక్షరాలతో మొదలవుతుంది. ఏఆర్‌ఎన్ అని ఉంటే పంపిణీదారు, అంటే కమీషన్ మనిషి. 2020లో వచ్చిన రూలు ప్రకారం ఒకే కస్టమరుకు ఒకే సంస్థ ఫీజుకు సలహా, కమీషన్‌కు అమ్మకం రెండూ చేయకూడదు. కుటుంబానికి స్థిరమైన ఫీజు అయితే ఏడాదికి 1,51,000 రూపాయలకు మించకూడదు. 4 కోట్ల మీద అది పెద్ద మొత్తం కాదు, రసీదుతో నీ కంటికి కనబడి పోతుంది. ఇద్దరు ముగ్గురితో మాట్లాడు, వీడియో కాల్ చాలు, తిరుపతిలోనే ఉండాలని లేదు. ఫీజు అడ్వైజర్ సొంత ఖాతాకు గానీ ఇంకెవరి యూపీఐకి గానీ వేయొద్దు, ఒప్పందంలో రాసిన ఖాతాకే వేయి. ఈలోపు ఆ 25 లక్షలతో సహా మొత్తం డబ్బు రెండు మూడు బ్యాంకుల్లో చిన్న గడువు ఎఫ్‌డీలుగా విడగొట్టు. బాండ్లకు కావాల్సిన 50 లక్షలు మాత్రం ఎప్పుడైనా తీసుకునేట్టు ఉంచు.